మా అత్త ఎక్కిన చివరి కొండ

పోయిన గురువారం పొద్దున రేణిగుంటలో ఫ్యాక్టరీ గేటు దగ్గర కార్డు గీకుతుంటే నాయన ఫోన్ చేశాడు. "అక్క పోయింది పాపా" అన్నాడు. గుండె ఆపరేషన్ అయిన నాలుగో రోజు అది. ముందు రోజు సాయంత్రం కూడా గంజి తాగి, నర్సమ్మను దగ్గరికి పిలిచి, "నీ కోటు చంకల కాడ పట్టేస్తా ఉండాదమ్మా, నేను ఇంటికి పోయినాక తీసుకురా, విప్పి సరిగ్గా కుట్టిస్తాను" అందట. ఆ సంగతి నాకు చెబుతూ నర్సమ్మే ముందు ఏడ్చింది. నాకు ఏడుపు రావడానికి మూడు రోజులు పట్టింది.

ఆమె మా నాయనకు అక్క, నాకు మేనత్త. అమ్మా నాయనా కార్వేటినగరంలో ఉంటారు. రేణిగుంటలో ఉద్యోగం వచ్చినప్పటి నుంచి నేను తిరుపతిలో అత్త ఇంట్లోనే ఉన్నాను. మామ పోయి పన్నెండేళ్ళు. వాళ్ళకు పిల్లల్లేరు. ముందు గదిలో కుట్టుమిషను, ఎదురుగా గోడకు టీవీ, వెనక వంటిల్లు, అంతే ఇల్లు. ఆ వీధిలో ఆమె చేత రవిక కుట్టించుకోని ఆడది లేదు. చావుకు వచ్చినవాళ్ళలో సగం మంది ఆమె కుట్టిన రవికలే తొడుక్కుని వచ్చారు. ఒకామె నా చెయ్యి పట్టుకుని, "మీ అత్త టేపు పెట్టి కొలిచేది కాదమ్మా. ఒక్కసారి ఎగాదిగా చూసేది, అంతే" అంది. అందరూ అలాంటి మంచి మాటలే చెప్పారు. అన్నీ నిజాలే. వాళ్ళెవరికీ తెలియనిది ఒకటి నా దగ్గరుంది, అది మీకు చెబుదామనే ఇది రాస్తున్నాను.

మా అత్త అరవై మూడేళ్ళ వయసులో ఒక పెద్ద వీడియో గేమును చివరి దాకా ఆడి ముగించింది. నవ్వేవాళ్ళు నవ్వండి. మొదట్లో నేనూ నవ్వినదాన్నే. ఆట పేరు మాత్రం రాయను. రాస్తే, ఆడేవాళ్ళెవరైనా చదివి, 'ఆమె అక్కడ ఆ కత్తి ఎందుకు వాడలేదు' అని నాతో వాదనకు దిగుతారు. నాకిప్పుడు వాదించే ఓపిక లేదు.

అంతా నా కాలు వల్ల మొదలైంది. రెండేళ్ళ కిందట స్కూటర్ మీద నుంచి పడి చీలమండ విరగ్గొట్టుకున్నాను. పుత్తూరు తీసుకెళ్ళి కట్టు కట్టించి, ఆరు వారాలు కదలొద్దన్నారు. నేనేమో కుదురుగా ఒక చోట కూర్చునే రకం కాదు. నా సణుగుడు పడలేక ఫ్యాక్టరీలో నా స్నేహితురాలు తన గేమ్ పెట్టె తెచ్చి టీవీకి తగిలించి పోయింది. అందులో ఒక పెద్ద దేశం ఉంది. అడవులు, ఏర్లు, పల్లెలు, ఎటు కావాలంటే అటు పోవచ్చు. కత్తి పట్టుకున్న ఒక పిల్లను మనం నడిపించాలి. ఎక్కడ నిలబడి చూసినా దూరంగా ఒక మంచు కొండ కనిపిస్తుంది. దాని మీద రాతి మండపంలో ఒక ముసలి రాజు వేల ఏళ్ళుగా నిలబడే ఉంటాడు. కొండెక్కి ఆ రాజును ఓడిస్తే ఆట ముగుస్తుంది.

నేను ఆడుతుంటే అత్త పక్కన మిషను తొక్కుతూ చూసేది. మొదటి రోజు ఆమె కన్ను పడింది బట్టల మీదే. "ఆ పిల్ల రవిక చేతులు సూడే, యాడా కుట్టే లేదు. ఎట్లా తొడుక్కునిందో" అంది. వారం తిరిగేసరికి నా ఆటలో తప్పులు పట్టడం మొదలైంది. పల్లెలో ఎవరైనా ముసలామె పలకరిస్తే నేను దాటుకుని పోయేదాన్ని, పనికిమాలిన మాటలని. "ఆయమ్మ ఏమో అడగతా ఉంటే పలక్కుండా పోతావేమే? నిన్ను అట్ల పెంచినామా?" అని తిట్టేది. బొమ్మలను పలకరించనందుకు తిట్లు తిన్నదాన్ని ఈ జిల్లా మొత్తానికి నేనొక్కదాన్నే అయి ఉంటాను.

కట్టు విప్పాక నేను పనికి వెళ్ళడం మొదలుపెట్టాను. ఒక సాయంత్రం ఇంటికొస్తే మిషను ఖాళీగా ఉంది. అత్త చాప మీద కూర్చుని, కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చుకుని, ఆ పిల్లను ఏరు దాటిస్తోంది. ఎవరు నేర్పారని అడిగితే, "కాళ్ళొక పని, చేతులొక పని, కండ్లొక పని నలభై ఏండ్లు చేసినదాన్ని. ఇందులో కాళ్ళకు పనే లేదు గదా" అంది. ఆటలో చచ్చినప్పుడల్లా నాలాగా విసుక్కునేది కాదు. "కుట్టు తప్పితే విప్పాల. బట్టను తిట్టగూడదు" అనేది. రవిక కుట్టడం నాకు నేర్పబోయి ఓడిపోయిన రోజుల్లో కూడా ఇదే మాట.

కొండ మొదలుకు చేరేసరికి ఏడాది పైనే పట్టింది ఆమెకు. దారిలో ఏ పల్లెనూ వదల్లేదు మరి. అక్కడ కొత్త చిక్కు వచ్చింది. నేను వచ్చేసరికి ఆ పిల్ల మెట్ల మీద మంచులో వణికి వణికి చచ్చిపోతోంది. చూస్తే కాళ్ళకు బూట్లు లేవు. చలికి ఓర్చే మంచి బూట్లు కష్టపడి సంపాదించి, తీసి సంచిలో పెట్టేసింది.

"అత్తా, బూట్లు తొడుగు. అవి లేకపోతే ఎక్కలేవు."

"కొండెక్కేటప్పుడు కాళ్ళకు బూట్లా? నీకేమన్నా పిచ్చా?"

"అది మన కొండ కాదత్తా!"

"యాడిదైతేనేం. పైన ఒకాయప్ప నిలబడి ఉండాడని నువ్వే చెప్తివి గదా."

తిరుపతిలో ఇన్నేళ్ళుగా ఉంటున్నదానికి ఆ ఒక్క మాటా అర్థం కాకుండా పోదు. చివరికి మిరపకాయల పులుసు తాగితే ఆ పిల్లకు కాసేపు ఒళ్ళు వేడిగా ఉంటుందని తనే కనిపెట్టింది. కింది పల్లెలన్నీ తిరిగి మిరపకాయలు ఏరుకొచ్చి, కుండలకు కుండలు పులుసు కాచి, తాగిస్తూ, ఒక్కో మెట్టూ వట్టి కాళ్ళతో ఎక్కించింది. ఈ ఆట ఆడినవాళ్ళెవరూ ఇంత మొండిగా ఆ కొండ ఎక్కి ఉండరని నా నమ్మకం.

మామ సంగతి ఇక్కడ చెప్పాలి. ఆయన ఆస్పత్రిలో ఉన్నప్పుడు అత్త మెట్ల పూజ మొక్కుకుంది. అలిపిరి నుంచి పైదాకా వంగి వంగి ప్రతి మెట్టుకూ పసుపు పూసి, కుంకుమ పెట్టుకుంటూ వెళ్ళింది. నాయన వెనకాలే నీళ్ళ సీసా పట్టుకుని నడిచాడు. మోకాళ్ళ మెట్టు దగ్గర కూర్చోమన్నా కూర్చోలేదట. పైకి వెళ్ళి దర్శనం చేసుకుని, తీర్థం సీసాలో పట్టుకొచ్చి మామ నోట్లో పోసింది. పదకొండో రోజు మామ పోయాడు. చూడవచ్చిన వాళ్ళు "దేవుడు పిలుచుకున్నాడమ్మా" అంటే తల ఊపింది. ఆ తర్వాత కూడా, మోకాళ్ళు అరిగిపోయి డాక్టరు వద్దనేదాకా, నెలకోసారి కొండెక్కుతూనే ఉంది. "నీకు కోపం రాలేదా అత్తా?" అని ఒకసారి అడిగాను. "ఎవరి మీద?" అని సూదిలో దారం ఎక్కించుకుంది.

ఆటలో ఆ పిల్ల పైకి చేరిన రోజు నాకు సెలవు. మండపం, రెండు పక్కలా దీపాలు, మధ్యలో ఆ రాజు. మనం దగ్గరికి పోయి కత్తి దూసేదాకా అతను కదలడు, చూస్తూ నిలబడతాడంతే. అత్త ఆ పిల్లను మండపం గడప దగ్గర ఆపింది. చేతిలో ఆట రిమోట్ కింద పెట్టేసింది.

"ఈయప్పను కొట్టాలనా? ఇంత దూరం ఎక్కి వచ్చింది సూడ్డానికి గానీ కొట్టడానికా?"

"అది బొమ్మ అత్తా."

"రాయికి మొక్కేదాన్ని, బొమ్మకు మొక్కలేనా?"

మూడు నెలలు ఆట అక్కడే ఆగిపోయింది. నేను బతిమాలాను, ఎగతాళి చేశాను, ఒకరోజు కోపంతో "నేనే కొట్టేస్తాను, ఇటివ్వు" అని రిమోట్ లాక్కోబోయాను. ఆ రోజు అత్త నాతో మాట్లాడలేదు. ఇప్పటికీ ఆ లాక్కోవడం తలచుకుంటే నాకు సిగ్గేస్తుంది. ముగించాలని ఆమెకు లేక కాదు. "సగం కుట్టిన రవిక ఏ పొద్దూ వదిలిపెట్టింది లేదు" అని తనలో తను అనుకోవడం విన్నాను. కొట్టడానికి చెయ్యి రావడం లేదు, వదలడానికి మనసు రావడం లేదు.

అప్పుడే గుండెలో కవాటం దెబ్బతిన్నదని, ఆపరేషన్ చేయాలని తేలింది. ఆస్పత్రిలో చేరడానికి రోజు కూడా చెప్పారు. ఆ వచ్చే ఆదివారం పొద్దున్నే తలస్నానం చేసి, కాఫీ తాగి, టీవీ ముందు కూర్చుంది. "ఆస్పత్రికి పోయేలోగా ఇది అయిపోవాలే. నా చేత్తోనే అయిపోవాల. నువ్వు ఊరికే కూర్చో" అంది.

కత్తి దూసింది. రాజు మీదికి వచ్చాడు. నేను చూస్తున్నాను, అత్త తప్పుకుంటోందే గానీ కొట్టడం లేదు. అతని దెబ్బ ఎటు నుంచి ఎటు వస్తుందో నేర్చుకుంటోంది, పడిపోతోంది, మళ్ళీ లేస్తోంది. "కొట్టత్తా, ఇప్పుడు కొట్టు" అని నా గొంతు పోయింది. ఎన్నిసార్లు పడిందో నేను లెక్కపెట్టలేదు. అత్త ఊపిరి ఎగబీలుస్తోంది, పెదాలు ఆరిపోయాయి. ఆపమందామని నోరు తెరిచాను.

"ఏమయ్యా" అంది అత్త.

నాతో కాదు, టీవీతో. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

"ఏమయ్యా, ఒక్క మెట్టన్నా దాటేసినానా నేను? కింద నుంచి పైదాకా పూసినానే! వేళ్ళు పగిలినా పూసినానే! వచ్చి ఎదురుగా నిలబడి నోరు తెరిచి అడిగితిని గదా. పదకొండు దినాలకే పిలుచుకుంటివే! ఏం తక్కువ చేసినాను, సెప్పు. నీకు నేనేం తక్కువ చేసినాను!"

మాట మాటకూ ఆ పిల్ల కత్తి తగులుతోంది. అత్త చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. పన్నెండేళ్ళు ఈమె ఈ మాట గొంతులో పెట్టుకుని నాకు అన్నం పెట్టింది, నా కాలికి కాపడం పెట్టింది, కొండెక్కి దణ్ణం పెట్టి వచ్చింది. గుండెకు మంచిది కాదని రిమోట్ లాక్కోవాలనిపించింది. ఆ రోజు లాక్కోనందుకు మాత్రం నాకు సంతోషం.

రాజు చావడు ఆ ఆటలో. ఓడిపోయాక మోకాళ్ళు వంచి, కిరీటం తీసి పక్కన పెట్టి, మండపం మెట్టు మీద కూర్చుండిపోతాడు. పాట ఆగిపోతుంది. తెర మీద ఆట చేసిన వాళ్ళ పేర్లు వస్తాయి.

"సచ్చిపోలేదు గదా?" అంది అత్త భయంగా.

"లేదత్తా. కూర్చుంటాడంతే."

"అట్లనా." కొంగుతో మొహం తుడుచుకుంది. చాలాసేపు అతన్నే చూసింది. కోపమంతా ఎటు పోయిందో, మామూలు గొంతు వచ్చేసింది. "కూర్చోనీలే. ఎన్నేండ్లని నిలబడి ఉండాడో. ఆయప్పకు మాత్రం కాళ్ళు పీకుండవా?"

నేను కాఫీ పెడతానని వంటింట్లోకి వెళ్ళి, కొళాయి తిప్పి పెట్టి నిలబడ్డాను.

ఆస్పత్రికి ఇంకా వారం ఉంది. ఆ వారం ఒప్పుకున్న రవికలన్నీ ముగించే పనిలో పడింది. ఆట జోలికి ఇక పోదనుకున్నాను. బుధవారం నేను పని దిగి వచ్చేసరికి ఇంకా వెలుగుంది. తలుపు దగ్గరగా వేసి ఉంది, లోపల టీవీ నడుస్తోంది. తెర మీద ఆ మంచు కొండ, ఆ మండపం. ముసలి రాజు మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. అదే మెట్టు మీద, అతని పక్కనే, ఆ పిల్ల కూడా కూర్చుని ఉంది. కత్తి లేదు. వాళ్ళిద్దరి మీదా సన్నగా మంచు పడుతోంది. ఈ పక్క చాప మీద కాళ్ళు చాపుకుని అత్త ఎవరిదో పచ్చ రవికకు హుక్కులు కుడుతోంది.

"ఆట అయిపోయింది గదా అత్తా, ఇంకా ఏం చేస్తా ఉండావు?"

దారం పళ్ళతో తెంపి, తెర వైపు ఒకసారి చూసి అంది.

"ఏం లేదే. ఊరికే కూర్చోనుండాము."