ఎద్దుకు గడ్డి బండివాడిదే

1962 వేసవి. అనంతపురం బస్టాండు దగ్గర బాడుగ కార్ల ఆఫీసులో నేను గుమాస్తాను. ఆఫీసంటే ఒక రేకుల షెడ్డు, ఒక బల్ల, ఒక బీరువా, బయట రెండు నల్లకార్లు. పెళ్లివాళ్లను, కోర్టుపక్షులను, రోగులను ఊళ్లు దాటించడం మా వ్యాపారం.

కారు కదిలేముందు నేను ట్రిప్ షీట్ రాయాలి. ఎక్కడికి, ఎన్ని మైళ్లు, ఎంత బాడుగ అన్నీ ఉండే కాగితం అది. దాని అడుగున ఇంగ్లీషులో 'డామేజ్ ఇన్సూరెన్స్, పది రూపాయలు' అని అచ్చువేసి ఉండేది. దారిలో కారుకు దెబ్బ తగిలితే ఆ ఖర్చు బాడుగకు తీసుకున్నవాళ్ల మీద పడకుండా అన్నమాట. చదువు రానివాళ్లు అదేమిటని అడగలేదు. చదువుకున్నవాళ్లు అడిగితే చిన్నతనమనుకుని కట్టేశారు. నాలుగేళ్లుగా వసూలు చేస్తున్న నేనూ ఒక్కనాడు అడిగిన పాపాన పోలేదు.

అంతకుముందటేడు వానలు మొండిచేయి చూపించాయి. ఊరూరా ఎండిన బావులను ఇంకా లోతుకు తవ్వుతున్నారు. ఒక మధ్యాహ్నం హనుమక్క అనే ఆమె చంకలో మూటతో మా షెడ్డులోకి వచ్చింది. ఆమె భర్త ఓబులేసు బావిలో బండ కొడుతుంటే రాతిచెక్క ఎగిరి కుడికంట్లో గుచ్చుకుందట. అనంతపురం ఆసుపత్రిలో డాక్టరు కట్టుకట్టి, ఈ రోజే కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నాడు. బస్సు కుదుపులకు కన్ను దక్కదు, కారులో పడుకోబెట్టి నిదానంగా తీసుకుపోవాలి అన్నాడు. అందుకని కాళ్ల కడియాలు అమ్ముకుని వచ్చింది.

బాడుగ తొంభై రూపాయలన్నాను. బల్ల మీద పెట్టింది. షీటు రాసి, అలవాటు ప్రకారం ఇంకో పది అడిగాను.

"తొంభై అంటివి గదప్పా!"

"అది బాడుగమ్మా. ఇది ఇన్సూరెన్సు. దారిలో ఏమన్నా అయితే ఉంటుందని."

"ఏమన్నా అయితే మా ఆయప్పకు దుడ్లిస్తారా?"

"ఆయనకు కాదు, కారుకు."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "కారు నాదా?"

"కాదు."

"మరి నేనేమిటికి కట్టల్ల? మా ఊర్లో బండి బాడుగకు మాట్లాడుకుంటే బండోనికి కూడు మేం పెడతాం. ఎద్దుకు గడ్డి బండోడే తెచ్చుకుంటాడు. ఎద్దు వానిది గదా! చూడు, మీ డ్రైవరుకని సంగటి గూడా తెచ్చినా." చంకలోని మూట ఎత్తి చూపించింది.

 ఇరుకున పడ్డప్పుడు మా గుమాస్తాలు ఆడే మాట ఒకటుంది, అదే ఆడాను. "అది రూలమ్మా."

"రూలా? పోయి ఆయప్ప కన్నుకు చెప్పప్పా నీ రూలు." అంటూ ఖాళీ కొంగుముడి విప్పి చూపించింది. ఇంకో పది రూపాయలకు అమ్ముకోవడానికి ఆమె ఒంటి మీద ఏమీ మిగల్లేదు.

వాకిట్లో నిలబడి ఇదంతా వింటున్న డ్రైవరు ఖాదర్ బాషా లోపలికి వచ్చాడు. నాకంటే పెద్దవాడు. "నాలుగేండ్లుగా చూస్తాండా. ఆ బీరువాలో పాలసీ కాగితం ఉండాది. ఒకపారన్నా చదువుకోప్పా," అన్నాడు.

తీసి చదివాను. అది కాంప్రెహెన్సివ్ పాలసీ. అంటే కారుకు దెబ్బ తగిలినా, ఎదుటివాడికి నష్టం జరిగినా బీమా కంపెనీయే భరిస్తుంది. దానికి యజమాని ఏడాదికొకసారి డబ్బు కట్టేశాడు. బాడుగకు తీసుకున్నవాళ్ల మీద పడే ఖర్చంటూ ఏదీ లేదు. ఇన్నాళ్లూ నేను వసూలు చేసిన పదులకు ఏ అర్థమూ లేదు. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి.

యజమాని ఆ రోజు రాయదుర్గం పోయి ఉన్నాడు. ఇంట్లో ఇద్దరు పిల్లలు గుర్తొచ్చినా, ఆ లైను కొట్టేసి పక్కన సంతకం పెట్టాను. ఖాదర్ బాషా మూట అందుకుని, "సంగటి నేను తింటాలే అక్కా, ఎక్కు. ఆసుపత్రికాడ మీ ఆయప్పను ఎక్కించుకుని పోదాం," అన్నాడు.

మరునాడు యజమాని తిరిగి వచ్చి నా మీద అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "నీ సొత్తేమన్నా పోతాందా?" అన్నాడు.

"ఇకమీద అదేమిటో విడమరిచి చెప్పి అడుగుతాను. వద్దంటే కొట్టేస్తాను," అన్నాను.

నాకిచ్చే జీతానికి ఇంగ్లీషు రాసే మనిషి ఇంకొకడు దొరకడు గనుక నా ఉద్యోగం నిలిచింది. విడమరిచి చెప్పాక మాత్రం ఒక్కరూ కట్టలేదు. మరుసటిసారి అచ్చయిన షీట్లలో ఆ లైను లేదు.

రెండు నెలల తర్వాత హనుమక్క భర్తను వెంటబెట్టుకుని వచ్చింది. కరువులో ఎక్కడ సంపాదించిందో, సంచీ నిండా శెనిక్కాయలు తెచ్చి, బల్ల మీద పెట్టి నాకు దండం పెట్టింది. నేను ఉండబట్టలేక చెప్పేశాను. "అమ్మా, నువ్వు నాకు దండం పెట్టాల్సిన పని లేదు. ఆ పది రూపాయలు ఎవరూ కట్టనక్కరలేదు. నాలుగేళ్లు అందరి దగ్గరా తీసుకున్నాను."

"తెలిసినాక తీసుకోల్యా గదప్పా," అంది హనుమక్క. "శెనిక్కాయలు తిను."

ఆ తర్వాత ఎన్ని ఆఫీసుల్లో పనిచేసినా, ప్రతి లైనూ తెలుగులో చెప్పకుండా ఎవరి వేలిముద్రా తీసుకోలేదు. ఆ బుద్ధి నాకు చెప్పింది చదువు కాదు, హనుమక్క. ఆమెకు నేను బతికినంతకాలం రుణపడి ఉంటాను.

శెనిక్కాయలు తెచ్చిన ఆ రోజు పోయేముందు ఓబులేసు నా బల్ల దగ్గరకు వచ్చాడు. ఎడమకన్ను అరచేత్తో మూసుకుని, కుడికన్ను చిట్లించి, నా ముఖంలోకి చాలాసేపు చూశాడు.

"మసగ్గా ఉండాది. మీసం మాత్రం కనపడతాండాదప్పా," అన్నాడు నవ్వుతూ.

నాకు మాత్రం ఆ నిమిషంలో ఆయన ముఖం సరిగా కనపడలేదు. కళ్లు తుడుచుకుని, కుర్చీ లాగి ఆయన్ను కూర్చోమన్నాను.