డాక్టరుగారి పొట్టికాలి కుర్చీ

మా డాక్టరుగారు ఎవరు కూర్చున్నా ఓర్చుకోలేరు. పదిహేనేళ్లుగా ఆయన దగ్గర కాంపౌండరుగా ఉన్నాను కాబట్టి ఈ మాట చెప్పే హక్కు నాకుంది. ఆ పదిహేనేళ్లూ నిలబడే ఉన్నాను కాబట్టి కాస్త ఎక్కువే ఉంది. ఊరివాళ్లు ఆయనకు నిలువు డాక్టరని పేరు పెట్టారు.

మా ఆసుపత్రి అంటే చెమ్మపట్టిన రెండు చీకటి గదులు. వానొస్తే లోపల కూడా గొడుగు వేసుకోవాలి. అక్కడ ఉన్నది ఒకే ఒక కుర్చీ. దాని ముందుకాళ్లలో ఒకదాన్ని రెండంగుళాల మేర డాక్టరుగారే స్వయంగా రంపంతో కోసిపారేశారు. తెలియక కూర్చున్నవాడు పక్కకు ఒరిగిపోయి, గోడ పట్టుకుని, కంగారుగా లేచి నిలబడతాడు. "చూశావా, లేవగలవు," అని లోపల్నుంచి ఆయన గొంతు వినిపిస్తుంది.

నడుం నొప్పి అని వచ్చినవాళ్లనైతే ఇక వదలరు. బల్ల ఎక్కించి, కాళ్లెత్తించి, తిమ్మిరుందా, జ్వరముందా, మూత్రం సరిగ్గా వస్తోందా అని అరగంట పీక్కుతింటారు. తేడా కనిపించినవాణ్ణి అప్పటికప్పుడు పెద్దాసుపత్రికి తోలేస్తారు. మిగిలినవాళ్లందరికీ ఒకటే మందు.

"మంచం మీద ఉండాలా సార్?"

"ఎక్కితే దిగడం మర్చిపోతావు. నొప్పి ఉన్నా సరే, మెల్లగా నీ పని నువ్వు చేసుకో. నడువు."

"ఎన్నాళ్లు నడవాలి సార్?"

"కాళ్లున్నన్నాళ్లు."

ఒకసారి పక్కవీధిలో చావు జరిగితే ఇద్దరం వెళ్లాం. సన్నటి జల్లులో శవం వెనక అందరూ తలలు వంచుకుని నడుస్తున్నారు. డాక్టరుగారు నా చెవి దగ్గరకొచ్చి, "పడుకున్నవాడు ఒక్కడే, మిగతా అందరూ నడుస్తున్నారు. రోజూ ఇలా ఉంటే బాగుండు," అన్నారు. అన్నది ఆయనే అయినా నవ్వింది నేను కాబట్టి తిట్లు నాకే పడ్డాయి.

రెండేళ్ల నుంచి ఈ పిచ్చి మరికాస్త ముదిరింది. నడుం రోగుల్లో ఒక్కొక్కరి చేతిలో అంటించిన కవరొకటి పెట్టి, వీధి చివరి పాత మేడలో నాలుగో అంతస్తులో ఇచ్చి రమ్మనేవారు. అరవై రెండు మెట్లు. టపా ఖర్చు మిగుల్చుకుంటున్నాడని కొందరు, ఈ వయసులో ప్రేమలేఖలేమిటని కొందరు అనుకునేవారు. నేను రెండో జట్టు.

మొన్న వానాకాలంలో మందుల పెట్టె ఎత్తబోయి నేనే వంగినవాణ్ణి వంగినట్టే ఉండిపోయాను. ఇంట్లో మా ఆవిడ అప్పటికే నేను పడుకోవడానికి చెక్కబల్ల తుడిచి పెట్టింది. "నెలరోజులు కదలకు అల్లుడూ, కదిలితే వెన్ను విరుగుతుంది," అని మామగారు కబురు చేశారు. పడుకుంటే ఇల్లు గడవదు. పడుకోకపోతే జన్మకి లేవనేమోనని భయం. ఆ రాత్రి కన్ను మూతపడలేదు.

పొద్దున్నే గోడలు పట్టుకుంటూ వెళ్లి డాక్టరుగారి ముందు నిలబడ్డాను. బల్ల మీద అరగంట సోదా అయ్యాక, "నెల సెలవు కావాలి సార్. పడుకుంటాను," అన్నాను.

ఆయన మొహం నల్లబడింది. అంత దిగులుగా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు.

"విరగడానికి నీ వెన్నులో ఏమీ జరగలేదు. పట్టేసింది, వదులుతుంది. పడుకోకు," అని కవరు చేతిలో పెట్టారు.

"నాకు కూడానా సార్?"

"నీకు నడుము లేదా?"

తిట్టుకుంటూ వెళ్లాను. మెట్టుకో మూలుగు చొప్పున అరవై రెండు మూలుగులు మూలిగాను. పైన, వెలుగు సరిగ్గా రాని గదిలో, మంచం మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. గోడకు రంపాలూ ఉలులూ తుప్పుపట్టి వేలాడుతున్నాయి.

"రా నాయనా. నడుమేనా?" అంటూ కవరు చింపి చదువుకున్నాడు.

"ఏం రాశారండీ?"

కాగితం నా చేతికిచ్చాడు. 'వచ్చినవాడు నా కాంపౌండరు. బాగా భయపడి ఉన్నాడు. ఇవాళ వీధిగుమ్మం దాకా సాగనంపండి.'

నాకేమీ అర్థం కాలేదు. ఆయనే చెప్పాడు.

"నేను వడ్రంగిని. ఇరవై ఏళ్ల కింద నడుము పట్టేస్తే మూడు నెలలు కదలొద్దన్నాడు మీ డాక్టరు. అప్పట్లో ఎవర్నడిగినా అదే మాట. అలాగే పడుకున్నాను. నొప్పి పోయింది కానీ భయం పోలేదు. లేస్తే విరుగుతుందని మళ్లీ పడుకున్నా. పని పోయింది, కాళ్లు పుల్లలైపోయాయి."

"మరి ఈ ఉత్తరాలు?"

"అన్నేళ్లూ మొహం చెల్లలేదేమో, రెండేళ్ల కింద వచ్చి, ఆ మూల నిలబడి, నేను చెప్పింది తప్పు, లేవండి అన్నాడు. గ్లాసు విసిరాను. నీ మాట విని పడుకున్నది చాలు, నీ మాట విని లేవనన్నాను. మర్నాటి నుంచి మనుషుల్ని పంపడం మొదలెట్టాడు. ఇంటికొచ్చినవాణ్ణి పడుకుని పంపించలేం కదా. మొదట లేచి కూర్చున్నా. తర్వాత తలుపు దాకా. తర్వాత మెట్లు, రోజుకొకటి. పద, సాగనంపుతా."

సిగ్గేసింది నాకు. పదిహేనేళ్లు పక్కనే ఉండి, ఈయనకి కూర్చోవడమంటే ఎందుకింత భయమని ఒక్కసారీ అడగలేదు.

ఇద్దరం మెట్ల పక్క కమ్మీ పట్టుకుని దిగాం. నేను మూలిగితే ఆయన ఆగేవాడు, ఆయన మూలిగితే నేను ఆగేవాణ్ణి. సగం దిగేసరికి మూలుగులు తగ్గి మాటలు పెరిగాయి. వీధిగుమ్మంలో అడుగు పెట్టేసరికి ఎదురుగా వానలో మా డాక్టరుగారు, నెత్తిన గొడుగుకి బదులు మా ఆసుపత్రి కుర్చీ పెట్టుకుని నిలబడి ఉన్నారు.

ఆయన కుర్చీ దించి, పంచె చెంగుతో తుడిచి, గుమ్మంలో వేశారు. కళ్లు తుడుచుకున్నారో వాన తుడుచుకున్నారో నేను చూడలేదు.

"కూర్చోండి మేస్త్రిగారూ," అన్నారు.

పదిహేనేళ్లలో ఆయన నోట ఆ మాట వినడం నాకదే మొదటిసారి. వడ్రంగి మాత్రం కూర్చోకుండా వంగి కుర్చీకాలు పట్టి చూశాడు.

"ఎవరు కోశారిది?"

"నేనే."

"సిగ్గుండాలి. ఇలాగా కోయడం? ఆగండి, పనిముట్లు పైనున్నాయి," అని వెనక్కి తిరిగి, ఎవరూ చెప్పకుండానే మెట్లెక్కడం మొదలుపెట్టాడు.

మేమిద్దరం ఆ కుర్చీకి అటూ ఇటూ నిలబడి ఎదురుచూశాం.