చూపుడువేలు మడిచి వేసే ముడి

బస్సు చెడిపోయిన చోట నీడ లేదు. డ్రైవరు ఇంజను మూత ఎత్తి, లోపలికి చూసి, మళ్ళీ మూసేసి, "ఇక ఇది కదిలేది కాదు, ముందు ఊరు నాలుగు కిలోమీటర్లే" అన్నాడు, ఆ నాలుగు కిలోమీటర్లూ మాకేదో బహుమానం ఇస్తున్నట్టు. కొందరు అతన్ని తిట్టడానికి ఆగారు. నేను సంచి భుజాన వేసుకుని నడక మొదలుపెట్టాను. తిట్లకు ఖర్చుపెట్టిన ఊపిరి నడకకు మిగలదని ఇదివరకే చాలా బస్సులు నాకు నేర్పాయి.

కాసేపటికి వెనక అడుగుల చప్పుడు. నేను ఆగితే అదీ ఆగుతోంది. తిరిగి చూశాను. నలభై దాటిన ఆడమనిషి, చంకలో చుట్టచుట్టిన గోనెపట్టా.

"మీరు ముందే నడవండి," అంది. "ముందుంటే మీ చేతులు నాకు కనిపిస్తాయి."

"చేతులు ఛాతీ మీద కట్టుకుంటే?"

"అప్పుడు నేను ఆగిపోతాను."

అలా ఫర్లాంగు నడిచాం, దొంగా పోలీసూలాగా. ఎవరు ఎవరన్నది మాత్రం తేలలేదు. తర్వాత ఆమే అడిగింది, "పెద్దాయనా, చదువుకున్నారా?"

"ఎక్కువే చదివాను. పనికొచ్చేది తక్కువ."

"ఆఫీసు కాగితం చదివితే అందులో మోసం ఉందో లేదో చెప్పగలరా?"

"చెప్పగలను."

"మీరు మోసం చెయ్యరని ఎవరు చెప్తారు?"

"ఎవరూ చెప్పరు," అన్నాను. ఆ జవాబే ఆమెకు నచ్చినట్టుంది. పక్కకు వచ్చి నడవసాగింది, రెండు చేతుల దూరం ఉంచి.

ఆమె గోదాంలో గోనెసంచులు కుడుతుంది. పన్నెండుమంది ఆడవాళ్ళు నేలమీద వరసగా కూర్చుని, చిరిగిన సంచిని తిరగేసి, పాత గోనెముక్క అతుకు పెట్టి, దబ్బనంతో పురికొస దూర్చి కుడతారు. దుమ్ము ముక్కులోకి, అక్కణ్ణుంచి దగ్గులోకి పోతుంది. ముప్పై ఏళ్ళు కుట్టిన చేతిని చూపించింది. అరచెయ్యి చెప్పు అడుగులా ఉంది. కుట్టు చివర ఎవరి ముడి వాళ్ళు వెయ్యాలి, అది అక్కడి కట్టడి. సంచి హమాలీ వీపుమీద పగిలితే వాడు ఆ ముడిని కోసి మేస్త్రి ముందు పెడతాడు. మేస్త్రి ముడి చూసి మనిషిని పిలుస్తాడు. పన్నెండుమందికి పన్నెండు ముళ్ళు, ఒకరిది ఒకరికి రాదు.

"నోరు అబద్ధం చెబుతుంది, కన్నీళ్ళూ చెబుతాయి. ముడి చెప్పదు," అంది.

వెనకటికి ఎక్కడో కొండల్లోని జనం తాళ్ళకు ముళ్ళు వేసి లెక్కలన్నీ అందులోనే దాచుకునేవారని చదివాను. అది చెప్పబోయాను.

"వాళ్ళకూ మా మేస్త్రి లాంటివాడే దొరికుంటాడు పాపం," అని అక్కడితో తెంపేసింది.

గోదాంలో ఈమె పేరు మడతవేలు. ముడి వేసేటప్పుడు చూపుడువేలు అరచేతిలోకి మడిచి, పురికొసను బొటనవేలికీ నడివేలికీ మధ్య తిప్పుతుంది. "వేలుండీ లేనిదాన్లా ఏంటే నీ అవస్థ" అని పక్కవాళ్ళు నవ్వుతారు. వేలు చాస్తే ఆ ముడి పడదు. అది తల్లి ముడి.

ఈమెకు ఆరేళ్ళప్పుడు తల్లి ఇల్లు వదిలి వెళ్ళిపోయింది. ఆమె కూడా గోనెసంచులు కుట్టిన మనిషే. తండ్రి హమాలీ. ఏడాది తిరక్కుండా కూతుర్ని తీసుకుని ఊరు మార్చాడు. తల్లి మిగిల్చిపోయింది ఒక్కటే, రెండు గోనెలు కలిపి కుట్టిన దుప్పటి. "మీ అమ్మ కుట్టింది" అని తండ్రి చెప్పాడు. పిల్ల దానికిందే పడుకుని, ముళ్ళు విప్పి, మళ్ళీ వేసి, విప్పి, మళ్ళీ వేసి, ఆ ముడి నేర్చుకుంది. పన్నెండేళ్ళకు గోదాంలో కూర్చుంది. పెళ్ళాడినవాడు రెండేళ్ళుండి, పని వెతుక్కుంటానని వెళ్ళి ఇంకా వెతుకుతూనే ఉన్నాడు.

"మరి మీ నాన్న?"

"నాలుగేళ్ళైంది పోయి." కాస్త నడిచాక మళ్ళీ అంది, "ఆయనే తరిమేసుంటాడు అమ్మని. లేకపోతే ఇంత శ్రద్ధగా దుప్పటి కుట్టిన మనిషి పిల్లనొదిలి ఎందుకు పోతుంది? నేను అన్నం పెట్టాను, మందులు వేశాను. మాట మాత్రం పెట్టలేదు. చివరి తొమ్మిదేళ్ళూ ఒకే గదిలో ఉన్నాం, ఆ మూల ఆయన, ఈ మూల నేను."

అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు. కానీ ఈమె భూతానికి తిండి పెట్టినవాళ్ళు కూడా ఉన్నారు. ఒకసారి పిన్నినంటూ ఒకావిడ దిగి, మూడు నెలలు తిని, కుక్కరు పట్టుకుపోయింది. "మూత వదిలేసింది. చుట్టరికం పూర్తిగా తెంపుకోవడం ఇష్టం లేక కాబోలు."

ఇప్పుడు ఒక ఉత్తరం వచ్చింది. ముందున్న ఊళ్ళో దిక్కులేనివాళ్ళ ఆశ్రమం నెలాఖరుకు మూసేస్తున్నారు. మీ తల్లినని చెబుతున్న ఒక వృద్ధురాలు ఇక్కడుంది, మీరు తీసుకెళ్ళకపోతే దూరంగా ఇంకోచోటికి పంపేస్తాం అని అందులో ఉంది. అది నాతో చదివించింది, ఒకసారి కాదు, మూడుసార్లు. మూడోసారి నేను మాట మారుస్తానేమోనని ముఖం చూస్తూ నిలబడింది.

"నిజంగా అమ్మే అయితే?"

"అయితే తీసుకెళ్ళాలి కదా. అందుకే కాకూడదని వెళ్తున్నా."

ఆశ్రమం ఒకప్పటి బడి. గదిలో ఎనిమిది మంచాలు, ఆరింటి మీద పరుపులు అప్పుడే చుట్టేశారు. నల్లబల్ల మీద ఎవరి మాత్రలు ఎప్పుడో సుద్దతో రాసి ఉంది. వార్డెనమ్మ రిజిస్టరు పట్టుకుని వచ్చి, నన్ను చూసి "మీరేమవుతారు?" అంది.

"ఏమీ అవరు, సాక్షి," అంది మడతవేలు.

కిటికీ పక్క మంచం మీద ముసలావిడ కూర్చునుంది. సన్నగా, నిటారుగా, ఇంటర్వ్యూకి వచ్చినట్టు. కూతుర్ని ఎగాదిగా చూసింది.

"నాన్న పోలికే," అంది.

"అది ఎవరైనా అంటారు. నాకు కన్ను నాన్నదనీ ముక్కు అమ్మదనీ కుక్కరు పట్టుకుపోయినావిడా అంది." చంకలోని పట్టాలోంచి ఒక చిరుగు గోనెముక్క, దబ్బనం, పురికొస ఉండ తీసి మంచం మీద పెట్టింది. "కుట్టండి."

ముసలావిడ నవ్వలేదు, ఏడవలేదు. దబ్బనం మొన గోటిమీద గీసి చూసి, "మొద్దుబారింది. నువ్వేం పనిమంతురాలివే" అంది. కుట్టసాగింది. కుట్టు ఎక్కడా వంకరపోలేదు. చివరికి వచ్చి, చూపుడువేలు చుట్టూ పురికొస రెండుసార్లు తిప్పి, లోపల్నుంచి లాగి, పళ్ళతో తెంపింది.

కూతురు ఆ ముడి మీదికి వంగి చూసింది. లేచి నిలబడింది. ముఖంలో ఒక తేలిక, పొద్దుట్నుంచీ నేను చూడనిది.

"ఈవిడ కాదు. పదండి పెద్దాయనా."

"దేన్నిబట్టి కాదు?" అంది ముసలావిడ.

"మా అమ్మ ముడి నా దగ్గరుంది." పట్టా పరిచి చూపించింది. అది ఆ దుప్పటే. అరిగి వలలా అయింది, ముళ్ళు మాత్రం గట్టిగా ఉన్నాయి.

ముసలావిడ ఒక ముడిని కంటికి ఆనించుకుని చూసింది. చాలాసేపు చూసింది.

"ఇది నేను కుట్టింది కాదు. ఇది మీ నాన్న ముడి."

"నాన్న దబ్బనం పట్టగా నేనెప్పుడూ చూళ్ళేదు."

"నీకు చూపించి కుడితే అమ్మ కుట్టిందని ఎలా చెప్తాడు?"

గదిలో వార్డెనమ్మ కాగితాలు తిప్పడం ఆపింది.

"లారీ తలుపు పడి వాడికి చూపుడువేలు పోయింది కదా, నువ్వు పుట్టకముందే," అంది ముసలావిడ. "ఆ వేలు లేకుండా వేసే ముడి ఇది. మూట కట్టినా, చెప్పు తెగితే కట్టుకున్నా ఇలాగే వేసేవాడు. ఇంత వంకర ముడి ఇంకెవరు వేస్తారే?"

కూతురు నా వైపు తిరిగింది. "నాన్నకు వేలు లేని మాట నిజమే. ముడి సంగతి కథ చెబుతోందా?"

"నాకు పుస్తకాలే తెలుసమ్మా. ముళ్ళు నీకు తెలుసు."

ఆమె నేలమీద కూర్చుంది. పురికొస తీసుకుని చూపుడువేలు చాపి ముడి వేసింది. జారిపోయింది. మళ్ళీ వేసింది, మళ్ళీ జారింది. అప్పుడు వేలు మడిచింది. మడిచిన వేలు మొండి కణుపులా మిగిలింది, ఆ ముడి ఎవరి చెయ్యి వేసేదో నాకు కూడా తెలిసిపోయింది. ముడి గట్టిగా పడింది. ఆమె దాన్ని విప్పలేదు.

తప్పు ఆమెది కాదు. ఆరేళ్ళప్పటి నడకా గొంతూ ఇన్నేళ్ళు గుర్తుండవు, చేతికి దొరికిందే సాక్ష్యం. గోదాం బయటివాడెవడైనా అయితే ఆ దుప్పటిని దుప్పటిలాగే కప్పుకునేవాడు.

"నాన్న కొట్టేవాడా నిన్ను?" అని అడిగింది. గొంతులో ఆశ ఉంది. అవుననమని బతిమాలుతున్నట్టే ఉంది.

ముసలావిడకు అది అర్థమైంది. ఒక్క మాట అంటే చాలు, మంచం, గది, కూతురు అన్నీ దొరుకుతాయి. మేకవన్నె పులులను నేను చాలా చూశాను, ఇక్కడ తప్పకుండా ఆ మాట వస్తుందని ఎదురుచూశాను.

"లేదు," అంది. "తాగేవాడూ కాదు. నాకే ఉండబుద్ధి కాలేదు. ఆ దుమ్ము, ఆ గది, మీ ఇద్దరి దగ్గూ. ఇంకోచోట బాగుంటుందనుకున్నా. బాగోలేదు. తిరిగి రావడానికి మొహం లేక రాలేదు."

"ఇప్పుడెక్కడిది మొహం?"

"ఇప్పుడూ లేదు. ఇల్లు మూసేస్తున్నారు కాబట్టి, హమాలీల ద్వారా మీ ఊరు కనుక్కుని రాయించాను."

వార్డెనమ్మ గొంతు సవరించుకుంది. "రక్తసంబంధీకులకే పంపుతాం. వరస రాసి సంతకం పెట్టాలి. పెట్టాక తిరిగి తెచ్చి దింపడానికి కుదరదు, నెలాఖరుకు ఇక్కడ తాళమే." కాగితం నేను చదివాను. మోసమేమీ లేదని చెప్పాను. ఆమె దాన్ని తీసుకుని తనే కూడబలుక్కుని మళ్ళీ చదివింది.

"కాదు అని రాస్తే?"

"రేపటి వ్యానులో మిగతావాళ్ళతో వెళ్తుంది."

ముసలావిడ కిటికీ బయటికి చూస్తోంది. "నాకేం, వ్యాను కూడా అలవాటే," అంది, ఎవరూ అడక్కుండానే.

కూతురు పెన్ను పట్టుకుని కూర్చుంది. ఏమాలోచిస్తోందో చెప్పగలనని అనను, చెబితే కల్పన అవుతుంది. పైకి వినిపించింది ఒక్కటే, "తొమ్మిదేళ్ళు ఒకే గదిలో..." అని. అది ఎవరితోనూ అనలేదు. తర్వాత వరస అన్న గడిలో, అక్షరం అక్షరం ఒత్తిపెట్టి, కూతురు అని రాసింది. సంతకం పెట్టింది. దుప్పటి చుట్టుకుంది. దబ్బనం, పురికొస మంచం మీదే వదిలేసి గుమ్మం దాటింది. రమ్మనలేదు. వద్దనలేదు.

ముసలావిడ కంగారుగా మంచం కింద చెప్పులు వెతుక్కోసాగింది. నేను గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డాను. నాలుగు కిలోమీటర్లు పక్కపక్కన నడిచాం కదా, ఒక మాటైనా అంటుందనుకున్నాను. ఆమె నన్ను దాటుకుని మైలురాయిని దాటినట్టు వెళ్ళిపోయింది.

ఒక చేత్తో మూట, ఇంకో చేత్తో తొడగని చెప్పు పట్టుకుని ముసలావిడ బయటికి వచ్చింది.

"ఎటు పోయిందండీ?"

చూపించాను.

"ఆగుతుందంటారా?"

రోడ్డు తిన్నగా ఉంది. ఆ మనిషి త్వరగానూ కాదు, మెల్లగానూ కాదు, రోజూ గోదాంకి పోయే నడకే నడుస్తోంది. ముసలావిడ చెప్పు తొడుక్కోకుండానే రోడ్డెక్కింది. ముందు నడుస్తున్నది మాత్రం ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు.