వంగపండు రంగు చీర, సుభానీ గారి మానిటర్

కర్టెన్లు దగ్గరగా లాగి, రంగులు కొలిచే నల్లటి బిళ్ళను తోకలాంటి వైరుతో మానిటర్ మీద వేలాడదీశాను. దాని కింద తెర ఎర్రగా, ఆకుపచ్చగా, నీలంగా మారుతోంది. అది పూర్తయ్యేదాకా ఏమీ ముట్టుకోకుండా చేతులు కట్టుకుని కూర్చోవాలి. "మళ్ళీ ఆ ఎలకని కట్టేశారా?" అంటూ మా ఆవిడ తలుపు తీసింది. ఎండ తిన్నగా తెర మీద పడింది. "ముందు తలుపు వెయ్యి!" అని కసిరాను. ఆ కసురు అచ్చం సుభానీ గారిదే.

దినపత్రికలో ఏళ్ళ తరబడి ఫొటోలు దిద్ది, ఆ ఉద్యోగం అయ్యాక గుణదలలోని ఆయన స్టూడియోలో చేరాను. పత్రికలో రంగులకు అంత పట్టింపు ఉండేది కాదు. కాగితం ఎంత పీల్చుకుంటే అంతే. ఇక్కడ మొదటిరోజే నా నారింజ రంగు చొక్కా చూసి ఆయన మొహం చిట్లించారు. "ఆ చొక్కా రంగు తెర మీద పడుతోందండీ. పెళ్ళికూతురికి కామెర్లొచ్చినట్టుంది." ఒక బూడిద రంగు కోటు నా చేతిలో పెట్టారు. బెజవాడ ఎండల్లో కోటు! పైగా మానిటర్ వేడెక్కాలంటూ పొద్దున్నే అరగంట పని ముట్టుకోనిచ్చేవారు కాదు. నెలకోసారి ఈ బిళ్ళ తంతు సరేసరి. ఆల్బమ్ కోసం వచ్చినవాళ్ళు గుమ్మంలో గొణుక్కుంటున్నా ఆయన చెవికెక్కేది కాదు.

ఒక శ్రావణ మాసం ముందు శివన్నారాయణ గారు చీరల మూటతో వచ్చారు. చల్లపల్లి దగ్గర మగ్గాల మీద నేయించి, ఆన్‌లైన్‌లో అమ్ముకునే మనిషి. అంతకుముందు మేము ఫొటోలు తీసిచ్చిన వంగపండు రంగు చీరలు చాలావరకు తిరిగొచ్చాయట, ఫొటోలో ఒక రంగు, చీర ఇంకో రంగు అని. "అద్దకంలోనే ఏదో చేశాడండీ నాగేశ్వరరావు. ఈసారీ తిరిగొస్తే వాళ్ళకి నూలు ఇవ్వడం ఆపేస్తా" అన్నారు. నాగేశ్వరరావు ఆయన దగ్గర నూలు తీసుకుని, రంగు వేసి నేసే మనిషి. ఆ నూలు ఆగితే ఇంటిల్లిపాదికీ పని ఉండదు.

మధ్యాహ్నానికి ఫొటోలు కావాలని శివన్నారాయణ గారు తొందరపెడుతుంటే, సుభానీ గారు తాపీగా బిళ్ళ తీశారు. "పెళ్ళిళ్ళ హడావిడిలో పోయిన రెండు నెలలూ ఇది వదిలేశా. అది చూసుకున్నాకే పని." నాకు ఒళ్ళు మండింది. "వచ్చినాయన్ని ముందు పంపించండి సార్" అన్నాను. ఆయన వినలేదు.

అంతా అయ్యాక, ఇందాక శివన్నారాయణ గారికి చూపించిన ఆ చీర పాత ఫొటోనే మళ్ళీ తెరిచారు. వంగపండు రంగు పోయి, స్కూలు యూనిఫాం నీలంలా ఉంది.

"చెడగొట్టేశారు కదండీ భాయ్ గారూ! ఇందాక శుభ్రంగా ఉంది!" శివన్నారాయణ గారు లేచి నిలబడ్డారు. నేనూ ఆయన పక్షమే. పాత సెట్టింగ్ పెట్టేద్దామని మౌస్ మీద చెయ్యి వేశాను.

"చెయ్యి తియ్యండి" అన్నారు సుభానీ గారు. అసలు చీరను తెర పక్కన పట్టుకుని చాలాసేపు చూశారు. "ఈ రంగు కెమెరాలో నీలంగానే పడిందండీ. మన తెర ఎరుపెక్కి ఉండబట్టి ఆ నీలం మనకు తెలియలేదు. సరిగ్గానే ఉందనుకుని పంపేశాం. కొన్నవాళ్ళ ఫోన్లలో నీలం చీర కనిపించింది."

"అంటే..." అన్నారు శివన్నారాయణ గారు.

"అంటే తప్పు మగ్గానిది కాదు, నాది. నాగేశ్వరరావు గారి నంబరు చెప్పండి."

"ఎందుకులెండి, నేను చెప్తాగా!"

"మీరు చెప్పరు."

స్పీకర్ పెట్టి మా అందరి ముందే మాట్లాడారు. "నాగేశ్వరరావు గారా? స్టూడియో సుభానీనండీ. మీ రంగుకి వంక లేదు. నా మానిటర్ సరిగ్గా లేక ఫొటో తప్పు పోయింది. నూలు ఆపనని మీ షావుకారు గారూ చెప్తున్నారు, ఇదిగో మాట్లాడండి." శివన్నారాయణ గారు అలాంటి మాటేమీ అనలేదు. కానీ ఫోన్ చేతిలోకి వచ్చేసింది. "ఆఁ... అవునయ్యా, నెయ్యండి" అన్నారు, సుభానీ గారి వైపు గుర్రుగా చూస్తూ. ఆ సాయంత్రం దాకా చీరను పక్కన పెట్టుకుని ఫొటోలన్నీ మళ్ళీ దిద్దాం, కోట్లు వేసుకుని, చెమటలు కక్కుతూ.

సుభానీ గారు పోయాక వాళ్ళబ్బాయి ఈ బిళ్ళను నాకిచ్చారు. ఇవ్వకపోయినా బాగుండేదని నెలకోసారి అనుకుంటాను.

ఇప్పుడు తెర మీద రంగుల ఆట ఆగింది. నిన్న ఎంతో ముచ్చటపడి పంపేసిన పెళ్ళి ఫొటో తెరిచాను. పెళ్ళికూతురి మొహం పసుపు ముద్దలా ఉంది. వాళ్ళు మెచ్చుకుని తీసుకున్నారు, ఎవరూ అడగరు. పాత సెట్టింగ్ పెడితే నాకూ కనిపించదు. సుభానీ గారిని కాసేపు కసితీరా తిట్టుకుని, పెళ్ళివారికి ఫోన్ కలిపాను.