జర్మన్ పటం మీద సగ్గుబియ్యం వడియాలు

సింగపూర్ వాన మీద నాకు పెద్ద ఫిర్యాదులేమీ లేవు. కాకపోతే అది మబ్బును చూసి కాక మా వడియాలను చూసి వస్తుంది. ఈ ఉదయం కూడా వచ్చింది. పాత చీర నాలుగు కొసలూ కలిపి ఎత్తేలోపు సగం వడియాలు మళ్ళీ జావయ్యాయి. హౌగాంగ్ ఫ్లాట్లో ఉన్నప్పుడు ఈ బాధ ఉండేది కాదు. అక్కడ మా పక్కింట్లో జర్మన్ అంకుల్ ఉండేవారు, ఆయన దగ్గర ఒక ప్రపంచ పటం ఉండేది.

అంకుల్ ఓడల ఇంజనీరుగా రిటైరై ఇక్కడే ఉండిపోయిన మనిషి. ఆయన తాతగారు బడిపంతులు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడి జర్మనీ తన వలస రాజ్యాలన్నీ పోగొట్టుకున్నా, తాతగారి తరగతి గోడ మీది పటంలో మాత్రం ఒక్కటీ పోలేదట. ఆఫ్రికాలో నాలుగు ముక్కలు, పసిఫిక్‌లో కొన్ని చుక్కలు. రోజూ పిల్లలు బెత్తంతో ఒక్కొక్కటీ చూపించి "ఇది మనది, తిరిగి తెచ్చుకుంటాం" అనాలి. కాఫీ చేదుగా ఉన్నా, మన తోటలు లాక్కోబట్టేనని తాతగారు శత్రుదేశాలను తిట్టేవారట. జన్మలో సముద్రం చూడలేదు, అది వేరే విషయం.

ఆ పటం చివరికి అంకుల్ మంచం కిందికి చేరింది. ఒకరోజు జర్మనీ నుంచి ఆయన పెదనాన్న కొడుకు ఫోను చేశాడు. పటం పంపితే తమ సంఘం హాల్లో తగిలిస్తారట, మన రోజులు మళ్ళీ వస్తున్నాయట. అంకుల్ పటాన్ని చుట్టి చంకలో పెట్టుకుని మా ఇంటికొచ్చారు. "పంపడానికి సిగ్గు. చింపేద్దామంటే తాతయ్యది. ఏం చెయ్యను?"

నేను గంభీరంగా ఆలోచిస్తుండగా, కాకినాడ నుంచి వచ్చిన మా అత్తగారు పటం తిరగేసి, వెనక అతికిన గుడ్డ నిమిరారు.

"మాంచి గుడ్డండీ అల్లుడుగారూ! పైనా కిందా కర్రలు కూడా ఉన్నాయి. వానొస్తే ఇద్దరు పట్టుకుని లోపలికి లాగెయ్యొచ్చు."

అనువదించాను. అంకుల్ పొట్ట పట్టుకుని నవ్వి, సింగపూర్ యాసలో అన్నారు. "టేక్ లా, ఆంటీ, టేక్!"

మర్నాటి నుంచి ఆ సామ్రాజ్యం మా కారిడార్లో బోర్లా పడుకుంది. చినుకు పడితే చాలు, ఒక కర్ర అంకుల్, ఒక కర్ర నేను పట్టుకుని స్ట్రెచర్ మోసినట్టు లోపలికి పరుగు. ఒక్క వడియం తడిస్తే ఒట్టు. వేయించినవి కరకరలాడిస్తూ, తాతయ్య పటానికి ఇన్నాళ్ళకి ఉద్యోగం దొరికిందనేవారు అంకుల్.

వారం తిరక్కుండా పెదనాన్న కొడుకు వీడియో కాల్ చేశాడు. అంకుల్ ఏమీ దాచకుండా ఫోను కారిడార్ వైపు తిప్పారు. అవతలాయన మొహం కందగడ్డయింది. ఆ దేశాలు మావి, తిరిగి తెచ్చుకోవడం మా హక్కు అంటూ అందరికీ తెలిసేలా ఇంగ్లీషులో ఉపన్యాసం. "ఏవంటున్నాడు?" అన్నారు అత్తగారు. ఉన్నదున్నట్టు చెప్పాను.

వడియాలు రెండెండల్లో ఆరతాయి. కొన్ని కోరికలు నూరేళ్ళయినా పచ్చిగానే ఉంటాయి. అత్తగారు ఒక వడియం తిరగేస్తూ అన్న మాటను అక్షరం పొల్లుపోకుండా ఫోన్లో అనువదించాను. పటం కోసం అవతలాయన మళ్ళీ ఫోను చెయ్యలేదు.

"ఆ దేశాల్లో ఉండేవాళ్ళు ఇతన్ని రమ్మన్నారా, అల్లుడుగారూ?"