సాయన్న విడిచిన సందు

మొన్న కామారెడ్డి బస్టాండు పక్క హోటల్లో చాయ్ తాగుతుంటే వెనకనుంచి అడవిపంది గుర్రుమన్న చప్పుడు వినిపించింది. తిరిగి చూస్తే టీవీ. ఏ దేశం వాళ్లో తుపాకులు పట్టుకుని పొదల్లో పాకుతున్నారు, వాళ్ల నోట తెలుగు మాటలు. ఒకప్పుడు ఇలాంటి కార్యక్రమాలంటే నాకు పిచ్చి. ఆ పిచ్చి వల్లే సాయన్న పరిచయమయ్యాడు. దాని వల్లే ఆయనకు అన్యాయం చేశాను.

2012లో నాకు కామారెడ్డిలోనే ఫోటో స్టూడియో ఉండేది. పింఛను కాగితానికి ఫోటో దిగడానికి ఎల్లారెడ్డి దగ్గరి పల్లె నుంచి వచ్చాడాయన. అరవై దాటినవాడు, మక్కచేలకు కావలి ఉండేవాడు. స్టూడియో టీవీలో పందుల వేట నడుస్తుంటే ఫోటో సంగతి మరిచి నిలబడ్డాడు.

"వీళ్ల చేను ఏడుంది సారూ?"

"చేను లేదు సాయన్నా. సరదాకు వేటాడుతున్నరు."

"సరదాకా? ఇంట్ల పనేం లేదా ఏంది?" నవ్వి, తెర దగ్గరికి జరిగాడు. "గా టోపీవోనికి అడుగులు కనవడ్తలేవు. గదిగో, బురదల! ఆడపంది. పిల్లలు గూడ ఉన్నయ్."

కాసేపటికి తెర మీదికి పిల్లలతో పంది వచ్చింది. ఈయన మీద మా ఊరి కేబుల్ చానెల్‌కు ఒక కార్యక్రమం తీయాలని అప్పుడే అనుకున్నాను.

ఆ వానాకాలం ఆయన కాసే చేనికి వెళ్లాను. చుట్టూ పాత చీరలు కట్టి ఉన్నాయి, గాలికి కదిలితే పందులు బెదురుతాయని. అడవి వైపు మాత్రం రెండు బారల సందు విడిచాడు. ఎందుకని అడిగాను.

"ఎన్ని చీరలు కట్టినా ఏదో మూల దూరుతది. దారి ఉంటే డబ్బా కొట్టిన సప్పుడుకు పోతది. లేకుంటే మనిషి మీదికొస్తది."

ఆ సందు పక్కనే మంచె. మనిషి వాసనకు పందులు బయటినుంచి అటు రావట. నేను అడిగిన ప్రతిదానికీ ఆయన దగ్గర ఒక సంగతి ఉండేది. కాని మూడు రోజులూ పందులు డబ్బా విని బుద్ధిగా సందులోంచి వెళ్లిపోయాయి. టీవీలో ఉండే ఉత్కంఠ నా కెమెరాకు దొరకలేదు.

నాలుగో రోజు తెల్లవారుతుండగా చేన్లో అలికిడైంది. పందిని సందు వైపు తరమడానికి సాయన్న డబ్బా తీసుకుని చుట్టూ తిరిగి అవతలి వైపుకు వెళ్లాడు. నేను ఒక చీర లాగి సందుకు అడ్డంగా ముడివేశాను. పంది ఒక్క నిమిషం ఆగితే దగ్గరగా తీయొచ్చనుకున్నాను. పంది వచ్చింది, ఆగింది, వెనక్కి తిరిగింది. దాని వెనకే వస్తున్న సాయన్న పిక్క చీల్చేసి పోయింది. ఆయన కింద పడ్డాక కూడా కాసేపు నా కన్ను కెమెరాలోనే ఉంది.

ఆ చేను గల పటేలు దవాఖానాకు వచ్చాడు. "ముసలోడివైనవ్ సాయన్నా. సందు విడుసుడే మరిచినవ్. ఇగ కావలి వేరేటోనికి ఇస్త."

చుట్టుపక్కల పల్లెల్లో సాయన్న కాసిన చేనంటే ఒక భరోసా. ఆ పేరు మీదే ఆయన బతుకు. సాయన్న నా వైపు చూశాడు. నేను తలుపు వైపు చూశాను.

"అయితది పటేలా, మరుపు," అన్నాడు.

రెండు నెలలకు గాని నాకు ధైర్యం రాలేదు. వాళ్ల ఇంటికి వెళ్లేసరికి అరుగు మీద కాలు చాపుకుని కూర్చున్నాడు. ఆ చీర కట్టింది నేనే అని చెప్పాను.

"ఎరుకే బిడ్డా. కింద పడ్డప్పుడే ముడి జూసిన. నేను గట్ల ముడెయ్య."

"మరి పటేలుకు ఎందుకు చెప్పలే?"

"నువ్వు చెప్తవని జూసిన."

ఆ రోజే పటేలు వాకిట్లో నలుగురి ముందు నిజం చెప్పాను. సాయన్నకు పేరు తిరిగొచ్చింది. పని రాలేదు. ఆ కాలితో ఆయన మళ్లీ మంచె ఎక్కలేకపోయాడు.

ఒకటి మాత్రం ఇప్పటికీ మోస్తున్నాను. ఆ రెండు నెలల్లో పెళ్లిళ్ల పని మీద నేను రెండుసార్లు ఆ ఊరి మీదుగా పోయాను. రెండుసార్లూ ఆయన అరుగు ముందునుంచే తల తిప్పకుండా బండి పోనిచ్చాను. ఆయన అక్కడే ఉండటం ఓరకంట కనిపించింది. పిలవలేదు.