విశ్రాంతి తీసుకుంటున్న బల్బు

మా మావయ్యతో వేగడం నా వల్ల కాదు. ఇరవై ఏళ్ళుగా స్కూలు వ్యాను నడుపుతున్నాడు, ఒక్క పిల్లనీ ఆలస్యంగా దింపలేదు, అదంతా సరే. కానీ నిరుడు అత్తయ్య పోయిన దగ్గర్నుంచి ఆయన నోట "పోయింది" అన్న మాట రాదు. కరెంటు పోతే "వస్తుందిలే" అంటాడు. పర్సు కొట్టేస్తే "ఎక్కడో ఉంది" అన్నాడు. ఉంది, దొంగ జేబులో!

మొన్న వ్యానుని రవాణా ఆఫీసుకి తనిఖీకి తీసుకెళ్ళాం. ఆఫీసరు "ఎడమ లైటు పోయింది" అని కాగితం మీద రాసేశాడు. "నాలుగింటిలోపు మార్చి చూపించండి. లేకపోతే రేపట్నుంచి బండి తియ్యకూడదు." బండి తియ్యకపోతే స్కూలువాళ్ళు ఇంకో వ్యాను చూసుకుంటారు. ఆ పిల్లల గోల తప్ప మావయ్యకి ఇంకేం మిగిలింది కనక?

స్పేర్ పార్టుల కొట్టుకి పరిగెత్తాం.

"బల్బు పోయిందా?" అన్నాడు కొట్టాయన.

"విశ్రాంతి తీసుకుంటోంది," అన్నాడు మావయ్య.

"అక్కయ్యగారు బాగున్నారా?" పాపం, ఆయనకి అత్తయ్య సంగతి తెలీదు.

"ఆవిడా అంతే."

నాకు ఒళ్ళు మండిపోయింది. మావయ్య కొట్టు ముందే బానెట్ ఎత్తి, రబ్బరు మూత లాగి, క్లిప్పు తప్పించి కొత్త బల్బు పెట్టాడు. పాతదాన్ని చేతిరుమాల్లో చుట్టి చొక్కా జేబులో దాచుకున్నాడు.

మూడున్నరకి ఆఫీసులో ఉన్నాం. లైటు భేషుగ్గా వెలిగింది. "పాతది ఏమైందో రాసి సంతకం పెట్టండి," అన్నాడు ఆఫీసరు. మావయ్య గుండ్రటి అక్షరాలతో రాశాడు: "విశ్రాంతి తీసుకుంటోంది."

"నేను 'పోయింది' అని రాశాను. రెండు కాగితాలూ కలవాలి."

"మావయ్యా, మూడక్షరాలు! రాసి పారెయ్యి!" అన్నాను.

"రాయనమ్మా. నా చెయ్యి రాదు." పెన్ను బల్ల మీద పెట్టేశాడు.

ఆఫీసరు కూడా తక్కువవాడు కాదు. "అయితే కొత్తది తీసి పాతది పెట్టండి. పోయిందో, పడుకుందో నా కళ్ళతో చూస్తా."

గడియారం నాలుగుకి ఐదు నిమిషాలు తక్కువ. ఇక అయిపోయింది మా పని అనుకున్నాను. మావయ్య రుమాలు విప్పి పాత బల్బు బిగించి స్విచ్చు వేశాడు.

వెలిగింది!

అప్పుడు కనెక్షన్ వదులై ఉందో, జేబులో కుదుపుకి లోపలి తీగ అతుక్కుందో, ఆ భగవంతుడికే తెలియాలి. ఆఫీసరు తన కాగితం తీసి "పోయింది" కొట్టేసి, పైన "విశ్రాంతి" అని దిద్ది, ముద్ర వేసి ఇచ్చాడు.

తిరిగొస్తుంటే కొట్టాయన మెట్ల మీంచి కేకేశాడు. "పనైందా? అక్కయ్యగార్ని అడిగానని చెప్పండి!"

మావయ్య బ్రేకు వేసి నావైపు చూశాడు.

"పడుకుందండీ," అన్నాను. "లేవగానే చెప్తాం."